వందకు ముప్పై నాలుగు

దానిష్ తడిగుడ్డ విప్పి లెక్కపెట్టాడు. ఒకసారి కాదు, మూడుసార్లు. మూడుసార్లూ పందొమ్మిదే వచ్చింది. వంద ఉల్లి విత్తనాలు గుడ్డలో చుట్టి, ఎనిమిది రోజులు తడి ఆరకుండా కాపాడితే, మొలకెత్తినవి పందొమ్మిది. మిగతావి వేసినవి వేసినట్టే నల్లగా పడి ఉన్నాయి.

"ఇంకోసారి లెక్కబెట్టు తమ్మీ," అంది శాంతవ్వ. "లెక్కబెట్టినకొద్ది మొలుస్తయేమో!"

గోడౌన్ దగ్గర నిలబడ్డ పనివాళ్లు గొల్లున నవ్వారు. దానిష్ నవ్వలేదు. గుమ్మంలో నిలబడ్డ యజమాని, అర్బాబ్ యాసిర్ కూడా నవ్వలేదు. తోట ఆయనది, విత్తనం ఆయన తల్లిది.

"నీ కుండలోది ఎప్పుడు విప్పుతావు?" అని అడిగాడు ఆయన.

"రేపు పొద్దుగాల బాబా. ఒకరోజు ఆలస్యంగ నానబెట్టిన. తొంభైకి తక్కువైతే నా పేరు శాంతవ్వ గాదు."

ఆ ఇంట్లో అందరూ మాట్లాడుకునే భాష సగం హిందీ, పావు అరబ్బీ. మిగతా పావు చేతులతో. శాంతవ్వ ఏ భాషలో మాట్లాడినా చివరికి అది మెట్‌పల్లి అవతలి పల్లె మాటలాగే వినపడేది. ఆమె మొగుడు మస్కట్‌లో సైట్ మీద మూడేళ్లు చేసి, నడుము పట్టుకుని ఇల్లు చేరాడు. అయితే నువ్వు కూర్చో, నేను పోతానని తనే బయల్దేరిన మనిషి ఆమె. ఒమన్‌లోని అల్ సువైక్‌లో, ఈ ఇంట్లో వంటపనికి చేరి ఏడేళ్లయింది. చేసేది వంటే అయినా, కన్ను మాత్రం ఎప్పుడూ తోట మీదే ఉంటుంది. ఊళ్లో జొన్నలు, పెసలు, ఉల్లి, ఏ విత్తనమైనా ఆమె చేతి మీదుగా కుండలోకి పోవాల్సిందే. ఆమె దాచిన విత్తనం మొలవలేదన్న మాట ఆ పల్లెలో ఎవరూ అనలేదు. అనేవాళ్లుంటే ఆమె ఊరుకునేదీ కాదు.

ఇంతకీ ఆ ఉల్లి సంగతి చెప్పాలి. యాసిర్ తల్లి అజీజా యాభై ఏళ్ల కింద ఇబ్రి వైపు నుంచి పెళ్లికూతురిగా వచ్చినప్పుడు కొంగున కట్టి తెచ్చుకున్న విత్తనం అది. నిమ్మకాయంత గడ్డ, ముదురు ఎరుపు. చుట్టుపక్కల తోటలవాళ్లు ఏటా నారు కోసం ఈ ఇంటికే వస్తారు. అజీజా పుట్టింట్లో ఇప్పుడు వ్యవసాయం లేదు, అందుకే ఆ విత్తనం ఇక్కడ తప్ప ఇంకెక్కడా లేదు. మామూలుగా విత్తనపు గడ్డలు కొన్ని విడిగా దాచేవాళ్లు. కిందటేడు విత్తనం విరగకాసింది. ఇంత విత్తనం ఉండగా గడ్డలెందుకని యాసిర్ అన్నిటినీ అమ్మేశాడు. కాబట్టి ఉన్నదల్లా ఈ సంచెడు నల్ల గింజలే. ఇవి మొలవకపోతే ఆ ఉల్లి కథ కంచికే. యాసిర్ ముందే చెప్పాడు, ఈసారి నారు సరిగా రాకపోతే ప్యాకెట్ విత్తనం తెప్పిస్తానని.

వేసవి మొదట్లో అజీజా మోకాలి ఆపరేషన్‌కు ఇబ్రిలో కూతురింటికి వెళ్తూ, విత్తనపు సంచిని శాంతవ్వ ఒళ్లో పెట్టింది. గల్ఫ్ ఇళ్లలో యజమానిని బాబా అని, ఇంటి పెద్దావిడను మామా అని పిలవాలి. "నీ విత్తనం నా పూచీ మామా. నువ్వు నడుచుకుంట రా, మొలకలు చూపిస్త," అని శాంతవ్వ మాటిచ్చింది.

ఆ సంచిని ఎక్కడ పెట్టాలన్న దగ్గర తగువొచ్చింది. దానిష్ తోట సూపర్‌వైజర్. కడప కుర్రాడు, వ్యవసాయం డిప్లొమా చదివాడు, మాట మెత్తన, పట్టు గట్టి. ఖర్జూరాలు పెట్టే కోల్డ్ రూమ్‌లో పెడదామన్నాడు. "చల్లంగుంటే ఏదీ చెడిపోదు శాంతక్కా. ఎర్రగడ్డ విత్తనానికి ఎండ పడదు." శాంతవ్వ ఒప్పుకోలేదు. నీడలో ఆరబెట్టి, బూడిద కలిపి, కుండలో పోసి, మూతి మీద మట్టి మెత్తితే ఏడాదైనా కదలదంది. ఎవరు పట్టిన కుందేటికి వాళ్లు మూడే కాళ్లన్నారు. చివరికి యాసిర్ విసుగెత్తి చెరి సగం పంచాడు. వేసవంతా పనివాళ్లు కుండ పార్టీ, కోల్డ్ రూమ్ పార్టీ అని రెండుగా చీలిపోయి ఒకరినొకరు ఆట పట్టించుకున్నారు.

ఇప్పుడు కోల్డ్ రూమ్ పార్టీ ఓడింది. అదే సాయంత్రం అజీజా కర్ర సాయంతో కారు దిగి ఇంట్లోకి నడిచి వచ్చింది. శాంతవ్వ ఆమెకు కాఫీ ఇచ్చి, రేపు శుభవార్త చెప్తానని ఊరించి పడుకోబెట్టింది.

తెల్లవారి అందరికన్నా ముందు లేచి, వంటింట్లో పొయ్యి మీద చాయ్ నీళ్లు పెట్టి, తన గుడ్డ విప్పింది. విప్పుతున్నప్పుడే చేతికి తెలిసిపోయింది. మొలకలున్న గుడ్డ వేళ్లకు కాస్త అంటుకుంటుంది. ఇది అంటుకోలేదు, తేలిగ్గా విడిపోయింది. లెక్కపెట్టింది. ముప్పై నాలుగు.

శాంతవ్వ స్టూలు లాక్కుని కూర్చుంది. తన కుండ ఓడిపోయిందన్న సంగతి ముందు బుర్రకు ఎక్కలేదు. ఇరవై ఆరేళ్లుగా చేసిన పద్ధతే ఇది. బూడిద అదే, మట్టి మూత అదే, చెయ్యి అదే. మరి తేడా ఎక్కడ?

ఊళ్లో రైతులతో మొక్కజొన్న విత్తనం పండించుకునే కంపెనీవాళ్లు ఒక పరీక్ష నేర్పారు. దంచిన ఉప్పును వేయించి చల్లార్చి, గాజు సీసాలో విత్తనంతో కలిపి బాగా ఊపాలి. కాసేపు ఆగాక ఉప్పు పొడిపొడిగా కిందికి రాలితే విత్తనం ఎండినట్టు, గాజుకు అంటుకుంటే తడి ఉన్నట్టు. కుండలోంచి గుప్పెడు గింజలు తీసి అలాగే చేసింది. ఉప్పు సీసా చుట్టూ తెల్లగా పట్టుకుని కూర్చుంది.

అప్పుడర్థమైంది. ఆ కుండ మట్టిది, మట్టి గాలి పీలుస్తుంది. మెట్‌పల్లిలో వేసవి గాలి పొడిగాలి, పీల్చినా నష్టం లేదు. అల్ సువైక్ సముద్రం పక్కన ఉంది. జూలై, ఆగస్టుల్లో బయట ఆరేసిన చొక్కా తెల్లవారేసరికి ఇంకా తడిగానే ఉంటుంది. నాలుగు నెలలు ఆ కుండ సముద్రపు గాలి తాగుతూ, లోపలి గింజలకు తాగిస్తూ కూర్చుంది. ఊరి పద్ధతి తెచ్చుకుంది గానీ ఊరి గాలి తెచ్చుకోలేదు కదా! దానిష్ విత్తనానికీ అదే జరిగింది. రోజుకు ఇరవైసార్లు తలుపు తెరిచే గదిలో గుడ్డసంచిలో పెట్టాడు. చల్లదనం మంచిదే, చెమ్మ చంపింది. అతని చలిని తన పొడి బూడిదతో కలిపి గాలి దూరని డబ్బాలో పెట్టి ఉంటే మొత్తం బతికేది. ఇద్దరి దగ్గరా సగం సగం తెలివే ఉంది. పంతం మాత్రం ఇద్దరికీ నిండుగా ఉంది.

చాయ్ నీళ్లు మరుగుతున్నాయి. వంటింట్లో ఆమె తప్ప ఎవరూ లేరు. గుడ్డను ఎవరూ చూడలేదు.

ఒక మాట ఆమె మనసులోకి వచ్చింది, రాలేదంటే అబద్ధం. తొంభై అని చెప్తే ఎవరు కాదంటారు? లెక్క అడిగేది యాసిర్, లెక్కించింది తను. రేపు నారు పలచగా వస్తే ఎండ అనొచ్చు, పిట్టలు తిన్నాయనొచ్చు, బావినీళ్లు ఉప్పనొచ్చు. సాకులకేం కరువు! నిన్న అంతమందిలో పేరు పెట్టి శపథం చేసింది. దానిష్‌ను నలుగురిలో ఎగతాళి చేసింది. ఆ నవ్వు ఇప్పుడు తన మీదికి తిరగడం ఆమెకు ముల్లులా గుచ్చుకుంది.

కానీ తొంభై అని చెప్తే ఏమవుతుంది? మామూలు కొలతన పలచగా చల్లిస్తారు. కోల్డ్ రూమ్ సగాన్ని పనికిరాదని పారబోస్తారు. ముప్పై నాలుగు పాళ్లు మొలిచిన మడి బోసిగా కనిపిస్తుంది, యాసిర్ దున్నించి ప్యాకెట్ నారు పెట్టిస్తాడు. ఆమె మాట నిలబడుతుంది, ఉల్లి పోతుంది. చాయ్‌పత్తి వేసి దించేలోపు శాంతవ్వ తేల్చుకుంది. సిగ్గు రెండు రోజులుంటుంది, విత్తనం పోతే మళ్లీ రాదు.

సీసా ఒక చేత, గుడ్డ ఒక చేత పట్టుకుని వరండాలోకి వెళ్లింది. అజీజా, యాసిర్ ఖర్జూరాలు ముందు పెట్టుకుని కాఫీ తాగుతున్నారు. దానిష్ ఆనాటి పనులు చెప్పడానికి వచ్చి నిలబడ్డాడు. శాంతవ్వ ముగ్గురి మధ్యా గుడ్డ పరిచింది.

"ముప్పై నాలుగు," అంది. గొంతు తగ్గించలేదు. "నా కుండ గూడ ఓడింది. నిన్న నీ మీద నవ్విన, దానిష్. తప్పైంది. ఇప్పుడు నువ్వు నవ్వు."

దానిష్ నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేదని ఆమెకు అనిపించింది. అతను సీసా అందుకుని వెలుతురులో తిప్పి చూశాడు. "చెమ్మ," అన్నాడు. "నా దాంట్లో కూడా ఇదే కదక్కా? రూమ్ తలుపు తెరిచినప్పుడల్లా సంచి చెమర్చడం చూస్తానే ఉన్నా. చల్లదనమే చాలనుకున్నా."

అజీజా ఒక మొలకను వేలికొనతో కదిపింది. "ఎక్కడ వేలాడదీశావు?" అని అడిగింది.

"వేలాడదీయలే మామా. కుండల పోసి మట్టి మెత్తిన."

"నా విత్తనం యాభై ఏళ్లు పాత వంటిల్లు కప్పు కింద, కట్టెల పొయ్యి మీదుగా వేలాడింది. పూటపూటా పొగ, పూటపూటా వేడి. బయట సముద్రం ఎంత ఊదినా దానికి తగిలేది కాదు. పోయిన చలికాలం ఆ వంటిల్లు కూల్చి గ్యాసు వంటిల్లు కట్టారు."

"మరి చెప్పలేదేంది మామా?"

"నువ్వు అడగలేదు. నా కన్నా ఎక్కువ తెలిసినదానిలా సంచి తీసుకున్నావు. నిన్ను చూసి నేనూ ధైర్యపడ్డాను."

ఆ మాట శాంతవ్వకు చెంప మీద కొట్టినట్టే తగిలింది. యాభై ఏళ్లు ఆ విత్తనాన్ని సాకిన మనిషి ఎదురుగా ఉండగా, ఎలా సాకావమ్మా అని ఒక్కరూ అడగలేదు. ఒకరికి డిప్లొమా అడ్డొచ్చింది, ఒకరికి అనుభవం అడ్డొచ్చింది. ఆమె ఒక్క క్షణం తల దించింది. తరువాత మళ్లీ ఎత్తింది, ఎందుకంటే యాసిర్ అప్పటికే ఫోన్ తీసి విత్తనాల షాపు నంబరు వెతుకుతున్నాడు.

"రెండూ చచ్చాయి కదా," అన్నాడు ఆయన. "అక్టోబరు సగం అయింది. ప్యాకెట్లు చెప్తాను. అమ్మా, నువ్వేమీ అనుకోకు."

అజీజా కాఫీ గిన్నె కింద పెట్టి చేతులు ఒళ్లో పెట్టుకుంది. అది చూసి శాంతవ్వకు ఒళ్లు మండింది.

"ఎవలన్నరు చచ్చినయని?" అంది. "వందకు అరవై ఆరు చచ్చినయ్. ముప్పై నాలుగు బతికినయ్ బాబా. నేను చచ్చినయి నాటుతనంటలేను, బతికినయి నాటుత. ఒక పాలు చల్లేకాడ మూడు పాళ్లు చల్లుదాం. దానిష్‌ది అయిదు పాళ్లు చల్లుదాం. ఒక్క గింజ పారబోయొద్దు."

"మొలిచినా నీరసంగా ఉంటుంది."

"ఉంటది. నీరసమున్న పిల్లను సాకినట్టు సాకుత. నాకు పదిహేను రోజులియ్యుండ్రి. పదహారో రోజు మడి పచ్చగ లేకుంటే మీ ప్యాకెట్లు నేనే విప్పి నా చేతులతోని చల్లుత."

యాసిర్ తల్లి వైపు చూశాడు, దానిష్ వైపు చూశాడు. దానిష్ గొంతు సవరించుకుని, "లెక్క సరిగ్గానే ఉంది సార్," అన్నాడు. ఏడాదిగా వాళ్లిద్దరూ ఒక్క మాట మీద నిలబడటం అదే మొదటిసారి. ఆ వింతకే కాబోలు అర్బాబ్ ఫోన్ జేబులో పెట్టాడు. ప్యాకెట్లు మాత్రం తెప్పించి ఉంచుతానని, పదహారో రోజు ఇంకేం వాదన విననని చెప్పాడు.

ఆ రోజు వంట ఆలస్యమైంది, ఎవరూ అడగలేదు. నారుమడులను శాంతవ్వ పిండి జల్లించినంత మెత్తగా చేయించింది. విత్తనాన్ని సన్నని ఇసుకతో కలిపి దగ్గరుండి చల్లించింది. అజీజా కుర్చీ వేయించుకుని నారుమడి పక్కనే కూర్చుంది. ఈసారి ప్రతి పనికీ ముందు శాంతవ్వ ఆమెను అడిగింది. ఎంత లోతు? ఏ పూట నీళ్లు? ముసలామె పోసిన నీళ్లు ఎండలో ఇంకాలి గానీ నిలవకూడదంది, పైన ఖర్జూరపు మట్టలు కప్పమంది.

ఏ నీళ్లు పోయాలన్న దగ్గర మాత్రం శాంతవ్వ ఎవరినీ అడగలేదు. తోట బావి నీళ్లలో ఏటేటా ఉప్పు పెరుగుతోంది. అసలే నీరసపు విత్తనం, దానికి ఉప్పునీళ్లు పెట్టడమంటే మూలిగే నక్క మీద తాటిపండు పడ్డట్టే. ఇంట్లో తాగడానికి ట్యాంకర్‌తో పోయించుకునే తియ్యనీళ్లను బకెట్లతో మోసి, చిల్లుల డబ్బాతో వాన పడ్డట్టు చల్లింది. ట్యాంకు మామూలు కన్నా ముందే అడుగంటిందని ఇంట్లో గోల చేస్తే, బట్టలు బావినీళ్లతో ఉతుకుతాను పొమ్మంది.

ఆరో రోజు ఏమీ లేదు. ఏడో రోజూ లేదు. దానిష్ పూటకోసారి వచ్చి మట్టల కిందికి వంగి చూసేవాడు. "నిద్ర పట్టడంలేదక్కా," అన్నాడు.

"నాకు మంచిగనే పడ్తుంది," అంది శాంతవ్వ. "గింజ లోపల బతికుందని కళ్లార చూసినం గద. బతికున్నది బయటికి రాక ఏం జేస్తది?"

ఎనిమిదో రోజు కుండ విత్తనం చల్లిన మడిలో సూదిమొనల్లా పచ్చదనం లేచింది. పదకొండో రోజుకు కోల్డ్ రూమ్ విత్తనం కూడా అక్కడక్కడా తల ఎత్తింది. మైనాలు దిగబోతే దానిష్ షేడ్ నెట్టు తెచ్చి కట్టాడు. కోల్డ్ రూమ్ పార్టీ, కుండ పార్టీ రెండూ వంతులు వేసుకుని కాపలా కాశాయి. ఎవరిది ఏ పార్టీయో అప్పటికి వాళ్లకే గుర్తు లేదు.

పదిహేనో రోజు పొద్దున్న యాసిర్ వచ్చాడు. వెనకాలే అజీజా కర్ర ఊపుకుంటూ వచ్చింది. శాంతవ్వ మట్టలు పక్కకు లాగి నిలబడింది. నారు మరీ ఒత్తుగా లేదు, అలాగని బోసిగానూ లేదు. దానిష్ నాలుగు చోట్ల జానెడు చోటు గుర్తు పెట్టి మొక్కలు లెక్కించాడు. ఫోన్‌లో గుణించాడు. పక్కన శాంతవ్వ వేళ్ల మీద గుణించింది. ఇద్దరి లెక్కా కలిసింది. తోటలో ఉల్లి మళ్లు పన్నెండు. ఈ నారు ఎనిమిదింటికి సరిపోతుంది.

యాసిర్ వంగి ఒక పోచను ముట్టుకున్నాడు. తరువాత లేచి, తెప్పించిన ప్యాకెట్లు షాపుకు తిప్పి పంపమని దానిష్‌కు చెప్పాడు. అజీజా కుమారుడి భుజం మీద చెయ్యి వేసింది. ఆమె కళ్లలోని సంతోషాన్ని దాచుకోలేదు, శాంతవ్వ కూడా దాచుకోలేదు. ఛాతీ నిండా గాలి పీల్చుకుని, ఇదీ సమయమనుకుంది.

"ఇగ ఒక మాట వినుండ్రి బాబా. ఈ ఎనిమిది మళ్ల గడ్డ ఒక్కటి గూడ అమ్ముడు లేదు. ఒక్కటి గూడ వంటింట్లకు వచ్చుడు లేదు. మొత్తం దాచి, వచ్చే చలికాలం మళ్ల నాటి, పువ్వు నిలిపి విత్తనం తీయాలె. పోయినేడు గడ్డలన్ని అమ్మి గింజ మీద భారం పెట్టినం, అందుకే ఇంతదూరమొచ్చింది. చుట్టుపక్కలోళ్లకు గూడ ఈసారి నారు లేదని చెప్పుండ్రి."

"అంటే ఎన్నాళ్లు?"

"పద్దెనిమిది నెలలు."

"నా తోటలో పండిన ఉల్లి నేను తినకూడదా?" యాసిర్ నమ్మలేనట్టు అడిగాడు. చుట్టుపక్కల ఆరు ఊళ్లకు ఉల్లి రుచి చూపించిన ఇల్లు అది.

"తినొద్దు. బజార్ల కొనుక్కరాండ్రి."

ఒక వంటమనిషి అర్బాబ్‌తో అలా అనడం ఆ తోట ఎప్పుడూ వినలేదు. దానిష్ నేల చూపులు చూశాడు. అజీజా మాత్రం పకపకా నవ్వింది. నవ్వి నవ్వి, కర్ర దానిష్ చేతికిచ్చి, కొంగుతో ముఖం తుడుచుకుంది. "విన్నావుగా," అంది కొడుకుతో. "వెళ్లు, కొనుక్కురా."

మర్నాడు మధ్యాహ్నం యాసిర్ వలసంచి ఒకటి తానే మోసుకొచ్చి వంటింటి గట్టు మీద పడేశాడు. ఏ దేశం నుంచి వచ్చాయో, పెద్ద పెద్ద గడ్డలు, నున్నగా, పాలిపోయి ఉన్నాయి. శాంతవ్వ ఒకటి తీసి పొట్టు ఒలిచింది. కోసింది. ఇంకొకటి కోసింది. బిర్యానీకి కావలసిన డజను గడ్డలూ చకచకా తరిగి పళ్లెం నింపింది. కళ్లు మండలేదు, ముక్కు కారలేదు. కొంగు ఎత్తే పనే పడలేదు.

తల ఎత్తితే గుమ్మంలో అజీజా ఉంది. ఎప్పటి నుంచి చూస్తోందో తెలియదు.

"ఏడుపు రావడం లేదు కదూ?" అంది ముసలామె.

"రాలే మామా," అంది శాంతవ్వ, కత్తి కడుగుతూ. "పద్దెనిమిది నెలలు ఓపిక పట్టు. ఇల్లంత ఏడిపిస్త."